నిచ్చెన వేసిన వంతెన

ఊరినుంచి వచ్చిన మర్నాడే మా వీధివాళ్లు చుట్టుముట్టారు. "టీచరమ్మా, ఒడిశా ఎల్లొచ్చేరట. పూరీ సూసేరా? కోణార్క్ సూసేరా?" అని. రెండూ చూడలేదు. మా పుట్టింటి ఊరికి వెళ్లి, దాని పక్కనున్న గెడ్డ దాటి, అవతలి ఒడ్డున రెండు రోజులు తిని వచ్చాను. గెడ్డ అంటే మా వైపు వాగు. ఆ మాత్రం దానికి యాత్ర అని రాసుకోవాలా అంటే, రాసుకోవాలనే నా ఉద్దేశం. రాష్ట్రం దాటాను, కాలి చెప్పు ఒకటి పోగొట్టుకున్నాను, తెలియని కూర తిన్నాను. యాత్రకి ఇంకేం కావాలి?

నేను చీపురుపల్లి హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరయ్యాను. పుట్టిల్లు పాతపట్నం అవతల ఇప్పలవలస. అక్కడ మా తమ్ముడు అప్పలనాయుడు వ్యవసాయం చేస్తాడు, పంచాయతీ ప్రెసిడెంటు కూడా. వాడు ఫోన్ చేసి, "అప్పా, నువ్వు బేగి రావాల. మా నేస్తం ఇంటికి ఎల్లాల" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం.

వాడి నేస్తం దయానిధి ఒరియావాడు. గెడ్డకి ఇవతల మా ఇప్పలవలస, అవతల వాళ్ల మొహులపొదర్. మొహులొ అంటే వాళ్ల భాషలో ఇప్ప. రెండు ఊళ్లకీ ఒకే చెట్టు పేరు పెట్టుకున్నారు కానీ మధ్య గెడ్డ రెండు రాష్ట్రాలకి సరిహద్దు. వానాకాలం అది పొంగితే మా ఊళ్లో పురుడొచ్చిన పిల్లని పక్కనే ఉన్న పర్లాకిమిడి ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా పాతపట్నం చుట్టూ తిరగాలి. మా తమ్ముడు ఎన్నో ఆఫీసుల మెట్లెక్కి, రెండు ప్రభుత్వాల చేతా ఊఁ అనిపించి, మొత్తానికి గెడ్డ మీద వంతెన కట్టించాడు. వంతెన పూర్తయింది. అవతల దిగాక పెద్ద రోడ్డు దాకా చిన్న దారి వెయ్యాలి. అది దయానిధి జీడితోట అంచునుంచి పోవాలి. ఆ దయానిధే ఇప్పుడు ఇవ్వనంటున్నాడు.

"ఈ శుక్రవారం రెండేపులా ఆఫీసర్లు వస్తన్నారు. ఇదే ఆకరు. ఆడు ఒప్పుకోపోతే డబ్బులు ఇంకో పనికి మార్సేస్తారంట" అన్నాడు తమ్ముడు.

నాకు వంతెన సంగతి కంటే ఇంకోటి గుచ్చుకుంది. వీళ్లిద్దరూ చిన్నప్పుడు పర్లాకిమిడి రథయాత్రలో ప్రసాదం ఒకరికొకరు తినిపించుకుని నేస్తరికం కట్టుకున్నవాళ్లు. అలాంటి మనిషి ఇవ్వనన్నాడంటే అది దారి గురించి అయి ఉండదు.

ఆమదాలవలస

బయల్దేరే ముందు చిమ్మిలి దంచాను. నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి లేకుండా నేస్తం ఇంటి గడప తొక్కకూడదని మా అమ్మ పట్టుదల. అమ్మ లేకపోయినా ఆ పట్టుదల నా దగ్గర ఉండిపోయింది. రోకలి పోటుకి భుజం పట్టేసింది గానీ, వాసనకి పక్కింటావిడ గిన్నె పట్టుకుని వచ్చేసింది.

ఆమదాలవలస స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. కొత్తవాళ్లు దిగి, ఊరేదీ అని వెతుక్కుంటారు. నాతో దిగిన విజయవాడ కుర్రదంపతులు అదే పని చేశారు. ఊరు ఇంకా దూరం, ఆటో ఎక్కండి అని చెప్తే, బోర్డు రాసినవాళ్లని కాకుండా నన్ను కోపంగా చూశారు.

తమ్ముడు అక్కడే కలిశాడు. విత్తనాల పని మీద వచ్చాడట. చంకలో పొందూరు ఖద్దరు పంచె పొట్లం. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాం. ప్లేటు మా చీపురుపల్లి కంటే ఐదు రూపాయలు ఎక్కువ, చట్నీలో నీళ్లు అంతకంటే ఎక్కువ. ఆ మాట పైకే అన్నాను. కొట్టామె ఏమీ అనుకోకుండా, "నీల్లు కాదమ్మా, లేత కొబ్బరి" అని ఇంకో గరిటె పోసింది. అంత ధైర్యంగా అబద్ధం ఆడేవాళ్లంటే నాకు ఇష్టం. రెండో ప్లేటు కూడా తిన్నాను.

"అసలేటయిందిరా?" అని అడిగాను.

"ఏటయ్యేదేటి? రేటు నచ్చలేదు" అన్నాడు తమ్ముడు. "ఎండాకాలం పర్లాకిమిడిలో మీటింగు ఎట్టేరు. ఆల్ల ఆఫీసర్లు, మన ఆఫీసర్లు. ఆడూ ఒచ్చేడు. ఎనకాల బెంచీ మీద కూకున్నాడు. ఇచ్చీడానికే ఒచ్చేడప్పా, నాకు తెలుసు. మీటింగు సగంలో లెగిసి ఎలిపోనాడు. మరి నాతో మాట నేదు. మనుసుల్ని పంపితే, ఇవ్వనని సెప్పి పంపేడు."

"నువ్వు ఎల్లలేదా?"

"ఎల్లేను. మన ఇంజినీరు గారి జీపులో ఎల్లేను. తోటలో ఉన్నాడన్నారు, సూస్తే లేడు."

జీపులో వెళ్లాడట. నేస్తం ఇంటికి ఇంజినీరుని వెంటబెట్టుకుని జీపులో. నేను ఇడ్లీ మీద ఇంకాస్త చట్నీ పోయించుకున్నాను.

నౌపడ

నౌపడలో బండి మారాలి. ఇక్కడినుంచి గుణుపురం వైపు వెళ్లే లైను మా చిన్నప్పుడు బుల్లి రైలు. ఎక్కడైనా ఆగేది, ఎవరైనా ఎక్కేవారు. రెండు భాషల ఊళ్లనీ కలిపిన లైను అది. ఇప్పుడు పెద్ద రైలు వచ్చింది. మనుషులు మాత్రం బుల్లి రైల్లో కూర్చున్నట్టే కూర్చుంటారు, ఇద్దరి చోట నలుగురు.

ఊరి పక్కన ఉప్పుమళ్లు ఉన్నాయి. ఎండకి కళ్లు చికిలించుకుని చూడాల్సినంత తెల్లగా ఉప్పు కుప్పలు. ఆ మళ్లలో పనిచేసే ఒకామె చిన్న ఉప్పు బస్తాతో మా ఎదురుగా కూర్చుంది. పాదాలు ఉప్పుకి పగిలిపోయి ఉన్నాయి, ముక్కుకి మాత్రం మెరిసే కొత్త పుడక.

"అమ్మకానికా?" అని అడిగాను.

"నేదమ్మా. గుణుపురంలో మా నేస్తానికి. ఏటా పట్టుకెల్తాను. ఆల్లు నాకు సింతపండు ఇస్తారు, పసుపిస్తారు."

"మీ నేస్తం పేరేటి?" అన్నాను, కావాలనే.

ఆమె నాలిక కరుచుకుంది. పక్కనున్న ఆడవాళ్లు నవ్వేశారు. "ఓలమ్మా, టీచరమ్మలా ఉన్నావు, ఆ మాత్రం తెల్దా? నేస్తం పేరు నోట్లోంచి తియ్యొచ్చేటి?"

తెలియని పాఠకుల కోసం చెప్తున్నాను. మా వైపు, ఒడిశా వైపు కూడా, నేస్తరికం కట్టుకున్నాక ఒకరి పేరు ఒకరు పలకరు. నేస్తం అని మేం, సొంగాతొ అని వాళ్లు. కులం, భాష అడ్డం రావు. ఆ ఇంటి శుభం మన శుభం, ఆ ఇంటి మైల మన మైల. పేరు పలికితే ఆ కట్టు తెగినట్టే లెక్క. మా తమ్ముడు చిన్నప్పుడు ఈ విషయంలో మహా నిష్ఠాగరిష్ఠుడు. మా ఊళ్లో దయానిధి అనే కంసాలి ఒకడుండేవాడు. వాడిని పిలవాల్సి వస్తే, "ఓయ్, మా నేస్తం పేరోడా" అని కేకేసేవాడు. ఆ కథ చెప్తే ఉప్పామె పడీపడీ నవ్వింది. తమ్ముడూ నవ్వాడు.

పాతపట్నంలో మేం దిగేముందు ఆమె కొంగులోంచి గుప్పెడు ఉప్పు తీసి నా రుమాల్లో పోసి, "మీ నేస్తం ఇంటికి ఇదీ తీసుకెల్లండి. ఉప్పు మంచిది" అంది. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తోసేసింది.

ఇప్పలవలస

ఊరు చేరేసరికి సాయంత్రం. కాళ్లు కడుక్కోకుండానే వంతెన చూడ్డానికి వెళ్లాను. పొలాలు సగం కోసేశారు. గట్ల మీద వరి పనలు ఉన్నాయి. చీపురుపల్లిలో నేను ఈ కోత వాసన మర్చిపోయి బతుకుతున్నాను.

వంతెన బాగుంది, నిజంగా బాగుంది. పసుపూ నలుపూ రంగులేశారు. ఇటునుంచి నడుచుకుంటూ వెళ్లాను. చివరికి వచ్చేసరికి వంతెన ఆగిపోయింది. కింద నిలువెత్తు లోతులో దయానిధి జీడితోట. దిగడానికి వెదురు నిచ్చెన వేసి ఉంది. అవతల ఊరి ఆడవాళ్లు ఇద్దరు తలమీద గంపలతో ఆ నిచ్చెన ఎక్కి వస్తున్నారు, ఒకావిడ మీద ఒకావిడ విసుక్కుంటూ.

"నిచ్చెన బ్రిడ్జి అంటన్నారప్పా" అన్నాడు తమ్ముడు మెల్లగా. "పాతపట్నం బస్సులో కండక్టరు కూడా, నిచ్చెన బ్రిడ్జి ఎవులు దిగాలండీ అని కేకేస్తన్నాడు."

వాడి మొహం చూస్తే నవ్వు ఆగిపోయింది. వాడు దీని కోసం ఎన్నేళ్లు తిరిగాడో నాకు తెలుసు. వంతెన చివర నిలబడి వాడు చూస్తున్నది నిచ్చెనని కాదు. తోట అవతల కనిపించే పెంకుటింటిని. ఆ ఇంట్లో వాడికి జ్వరం వస్తే కషాయం ఇచ్చారు, పెళ్లైతే తలంబ్రాల బియ్యం కలిపారు. ఆ ఇంటికి వెళ్లి ఆర్నెల్లు దాటిందట.

"రేపు జీపొద్దు, ఇంజినీరొద్దు" అన్నాను. "మనిద్దరమే. నడిసి."

గెడ్డలో

నా మోకాళ్లకి నిచ్చెన పడదు. కార్తీకం వెళ్లాక గెడ్డలో నీళ్లు మోకాలి లోతే, దిగి దాటుదాం అన్నాను. చిన్నప్పుడు ఈ గెడ్డని గెంతుకుంటూ దాటేదాన్ని. ఇప్పుడు తమ్ముడి భుజం పట్టుకుని, మధ్యలో నాచుపట్టిన రాయి మీద కాలేసి, కూర్చుండిపోయాను. నీళ్లల్లో. చిమ్మిలి డబ్బా పైకెత్తి పట్టుకున్నాను కాబట్టి అది బతికింది. కుడికాలి చెప్పు మాత్రం ఒడిశా వైపో, ఆంధ్రా వైపో తేల్చుకోకుండా గెడ్డ వెంట వెళ్లిపోయింది.

"అప్పా, దెబ్బ తగిలిందేటి?"

"పరువుకి తగిలింది. లేపు."

అలా ఒంటి చెప్పుతో, తడిసిన చీరతో, పై రాష్ట్రంలో అడుగుపెట్టాను.

మొహులపొదర్

నన్ను ఆ అవతారంలో చూసి మొదట పరిగెత్తుకొచ్చింది దయానిధి తల్లే. మనిషి వంగిపోయింది కానీ గొంతు వంగలేదు. నన్ను గుర్తుపట్టడానికి ఆవిడకి క్షణం కూడా పట్టలేదు. "ఆసొ, ఆసొ! రావే, తడిసిపోయావేమే" అంటూ లోపలికి లాక్కెళ్లి తన చీర ఇచ్చింది. ఆవిడ తెలుగులో ఒరియా, ఒరియాలో తెలుగు వేసి మాట్లాడుతుంది. ఈ ఊళ్లలో అందరూ అంతే. అక్కని మేం అప్ప అంటే, వాళ్లు అపా అంటారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగితే రెండు ఊళ్లూ కొట్టుకుంటాయి.

చీర మార్చుకుని వచ్చేసరికి దయానిధి పొలంనుంచి వచ్చాడు. నన్ను చూసి మొహం విప్పారింది. కాళ్లకి దండం పెట్టాడు. "అపా, బొసొ, కూకో. ఎన్నేళ్లకి ఒచ్చేవు" అన్నాడు. తర్వాత అరుగు మీద నిలబడ్డ మా తమ్ముడి వైపు తిరిగి, చేతులు జోడించి, "నమస్కారం ప్రెసిడెంటు గారూ. కూకోండి" అన్నాడు.

అంతే. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఆఫీసుకొచ్చిన మనిషికి ఇచ్చే మర్యాద. మా తమ్ముడు చెంపదెబ్బ తిన్నవాడిలా కూర్చున్నాడు. దయానిధి కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు, పనుందని చెప్పి కళ్లంలోకి వెళ్లిపోయాడు. కళ్లం అంటే పంట నూర్చే చోటు, ఇంటి వెనకే ఉంది.

నేను వంటింట్లో చేరాను. కబుర్లు ఎక్కడ ఉడుకుతాయో నాకు తెలుసు. పొయ్యి మీద డాల్మా ఉడుకుతోంది. కందిపప్పులో అరటికాయ, గుమ్మడి, వంకాయ అన్నీ వేసి చేస్తారు. మన పప్పుకూర లాగానే ఉంటుంది కానీ చింతపండు ఉండదు, దించాక వేయించిన జీలకర్ర పొడి చల్లుతారు. నాకు మొదట చప్పగా అనిపించింది. రెండో ముద్దకి అలవాటైంది, మూడో ముద్దకి మా ఇంట్లో ఎందుకు చెయ్యనా అనిపించింది. ఇంకో గిన్నెలో ఏదో లేత చిగుళ్ల కూర. పేరు చెప్పింది, నోరు తిరగలేదు. తిన్నాను. మా ఉప్పామె ఇచ్చిన ఉప్పు పొట్లం విప్పి పెడితే, ముసలావిడ కళ్లకద్దుకుని జాడీలో పోసుకుంది.

"అమ్మా, తమ్ముడంటే మీ అబ్బాయికి ఎందుకంత కోపం? రేటు కోసమేనా?" అని సూటిగా అడిగాను.

ఆవిడ గరిటె కింద పెట్టింది.

"రేటా? దారికి ఆ తోట అంచు ఇచ్చీమని నేనే సెప్పినాను. సరేనని తెల్లపంచె కట్టుకుని ఎల్లేడు ఆ రోజు. ఆ మీటింగులో ఆఫీసరు అడిగేడట, ఈ బూమి ఎవులిదీ అని. మీ తమ్ముడు లెగిసి పేరు సెప్పేడు. నా కొడుకు పేరు. వాడి తండ్రి పేరు కూడా కలిపి. ఆఫీసరుకి ఇనబడలేదంటే మల్లీ సెప్పేడు. అందరి ముందూ, మైకులో." ఆవిడ గొంతు బొంగురుపోయింది. "నా కొడుకు ఇంటికొచ్చి, ఎవులితోనూ మాటాడకుండా, బావి దగ్గర తలమీదనుంచి నీల్లు పోసుకున్నాడు. ఎవులు పోయేరురా అని అడిగేను. సొంగాతొ పోయేడమ్మా అన్నాడు."

చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాను. ఆ మనిషి ఎండలో నడిచొచ్చి, బతికున్న నేస్తానికి మైలస్నానం చేశాడు. ఇది తెలియక ఇన్ని నెలలుగా రెండు రాష్ట్రాల ఆఫీసర్లు రేటు పెంచుదామా, వద్దా అని తల బద్దలుకొట్టుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

కళ్లం

అరుగు మీదికి వెళ్లి తమ్ముడికి చెప్పాను. వాడు మొదట నమ్మలేదు. తర్వాత ఆ రోజుని తలుచుకుంటూ పెదాలు కదిపాడు. మాట ఎక్కడ జారిందో వెతుక్కుంటున్నాడు. దొరికింది కాబోలు, మొహం పాలిపోయింది.

"మొదట మా నేస్తం అనే సెప్పేనప్పా. ఆఫీసరు నవ్వేడు. నేస్తం అంటే రికార్డులో ఎలా రాసుకోమంటావు, పేరు సెప్పవయ్యా అన్నాడు. సెప్పీసేను. నాకు తెలీనే తెలీలేదు. ఆఫీసులో కూకుంటే నేను ప్రెసిడెంటునైపోతాను. నేస్తాన్ని గుమ్మం బయటే వదిలీసి ఎల్తాను."

"ఇప్పుడేటి సేస్తావు?"

"కాల్లట్టుకుంటాను."

"నీ కాల్లు ఆడికెందుకు, ఆడి కాల్లు నీకెందుకు? సూడు, ఆ కళ్లంలో ఒక్కడే కుప్ప ఏస్తన్నాడు. ఎల్లు. బ్రిడ్జి మాట నీ నోట్లోంచి వచ్చిందంటే నేనే గెడ్డలో తోస్తాను."

తమ్ముడు చొక్కా విప్పాడు. పొందూరు పంచె పొట్లం అరుగు మీద పెట్టి, కట్టుకున్న పంచె ఎగ్గట్టి కళ్లంలోకి వెళ్లాడు. కుప్ప అంటే కోసిన వరి పనలని గుండ్రంగా, వాన నీళ్లు లోపలికి దిగకుండా పేర్చేది. ఒకడు కింద నుంచి పనలు అందించాలి, ఒకడు పైన నిలబడి పేర్చాలి. అందించే మనిషి సరిగ్గా వెన్ను లోపలికి ఉండేలా విసరాలి. దయానిధి కిందికీ పైకీ తానే తిరుగుతున్నాడు. తమ్ముడు ఏమీ అడక్కుండా ఒక పన ఎత్తి పైకి విసిరాడు. దయానిధి పట్టుకోలేదు. పన జారి కింద పడింది. తమ్ముడు మళ్లీ ఎత్తి మళ్లీ విసిరాడు. ఈసారి పట్టుకున్నాడు.

మేం ఆడవాళ్లం వంటింటి కిటికీలోంచి చూస్తున్నాం. పనలు ఎక్కడా ఆగలేదు. చిన్నప్పటినుంచీ మా కుప్పకి అతను, వాళ్ల కుప్పకి వీడు వెళ్లి వేసిన చేతులు. కుప్ప నడుమెత్తు దాటింది.

అప్పుడు పైనుంచి దయానిధి, మేం కూడా ఉలిక్కిపడేలా అరిచాడు. "నా పేరు ఎందుకు సెప్పేవు?"

"బుద్ధి నేక" అన్నాడు తమ్ముడు.

"మైకులో సెప్పేవు!"

"సెప్పేను. ఆ ఆఫీసరు అడిగితే నోరు దానంతటదే తెరుసుకుంది. నువ్వు ఎనకాల ఉన్నావన్న సంగతే మర్సిపోనాను. సూడు, నీకు ఎలా కావాలంటే అలా నన్ను తిట్టు, కొట్టు. గానీ నన్ను ప్రెసిడెంటు గారూ అనకు. ఆ మాట నేను ఓర్సుకోలేను." చెప్తూ చెప్తూ పన పట్టుకునే ఏడ్చేశాడు. ఎన్నికల్లో ఓడిపోయినప్పుడు కూడా వాడు ఏడవలేదు.

దయానిధి ముఖం భుజానికి రుద్దుకుని, "పన ఇటియ్యి. ఎండ పోతంది" అన్నాడు.

మధ్యాహ్నం ముసలావిడ ఇద్దరికీ కలిపి ఒకే ఇత్తడి పళ్లెంలో పొఖాళొ పెట్టింది. అదంటే నీళ్లలో నానబెట్టిన పులిసిన అన్నం. మన తరవాణి. వాళ్లు పెరుగు, వేయించిన వంకాయ కలుపుకుంటారు. మనం ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. పక్కన నా చిమ్మిలి. ఆవిడ ఇద్దరి మధ్యా నిలబడి, రథయాత్రలో ఏం చేశారో అదే చెయ్యండి అంది. ఇద్దరూ సిగ్గుపడ్డారు. నెరిసిన మీసాలు పెట్టుకుని సిగ్గుపడుతుంటే చూడ్డానికి ఎంత బాగుందో. మొదటి ముద్ద దయానిధి పెట్టాడు. "ఖా, సొంగాతొ" అన్నాడు. మా తమ్ముడు నమల్లేక, మింగలేక, తలూపాడు. పొందూరు పంచె అప్పుడు ఇచ్చాడు. ఆ తిండి పూర్తయ్యేదాకా, ఆ సాయంత్రం అంతా కూడా, ఎవరూ దారి మాట ఎత్తలేదు.

పర్లాకిమిడి

రాత్రి అక్కడే ఉండిపోయాం. మర్నాడు పొద్దున్నే నన్ను పర్లాకిమిడి తీసుకెళ్లింది దయానిధి తల్లి. "ఒంటి చెప్పుతో పుట్టింటికి ఎల్తావా" అని. ఈ ఊళ్లో కొట్ల బోర్డుల మీద ఒరియా ఉంటుంది, కొట్లో బేరం తెలుగులో జరుగుతుంది. లెక్క మాత్రం చెప్పులాయన మనసులో ఒరియాలో వేసుకున్నాడు, పెదాలు కదలడం చూశాను. రెండొందల ఎనభై అన్నాడు. నేను నూట యాభై అన్నాను. ముసలావిడ ఇద్దర్నీ తిట్టి రెండొందలకి తేల్చింది. మా చీపురుపల్లిలో అయితే అంతకి రావు. అయినా పైకి చెప్పలేదు.

ఇక్కడ కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, చేపలు చేస్తారు. పాత వీధిలో ఒకతను మమ్మల్ని నిలబెట్టి ఎద్దు కొమ్ములోంచి కొంగని ఎలా తీస్తారో చూపించాడు. నాకో దువ్వెన కొన్నాను. ఒక్క పంటి మీద కూడా గరుకు లేదు. ఇంటికి తెచ్చి దువ్వుకున్నాను, ఆ దువ్వెనకి తగ్గ జుట్టే ఇప్పుడు లేదు.

తిరుగుదార్లో ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, "శుక్రవారం కదా ఇయ్యాల. బేగి నడు. ఆఫీసర్లు ఒచ్చేస్తారు" అంది. వంటింట్లో చెప్పాక ఆవిడ మళ్లీ దారి గురించి ఒక్క మాట కూడా అనలేదు. మరిచిపోయిందనుకున్నాను. మరిచిపోలేదు.

వంతెన మీద

వంతెన మధ్యలో బల్ల వేశారు. ఇటు మన ఇంజినీరు గారు, అటు వాళ్ల తహసీల్దారు. ఇద్దరూ కుర్రవాళ్లే, ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. బల్లకి ఒక పక్క మా తమ్ముడు, ఒక పక్క కొత్త పొందూరు పంచెలో దయానిధి. రెండు ఊళ్లవాళ్లూ కటకటాలకి ఆనుకుని నిలబడ్డారు. నేనైతే కొత్త చెప్పులు చేతపట్టుకుని, ఇద్దరు ఆడపిల్లలు వెనకనుంచి నెడుతుండగా, ఆ నిచ్చెనే ఎక్కి వచ్చాను. మోకాళ్లు తిట్టుకున్నాయి.

తహసీల్దారు ముందు దయానిధిని అడిగాడు. దారికి ఒప్పుకుంటున్నావా అని.

"ఒప్పుకుంటన్నాను" అన్నాడు.

"రేటు?"

"మీ లెక్క ఎలాగుంటే అలాగ."

ఇద్దరు ఆఫీసర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మరి ఇన్నాళ్లూ ఎందుకు ఒప్పుకోలేదయ్యా?" అన్నాడు తహసీల్దారు. దయానిధి పంచె అంచు సర్దుకున్నాడు. తహసీల్దారు కలం తీసి, "సరే, అటు పక్కనుంచి పంచాయతీ తరఫున ఎవరు అడిగారు?" అన్నాడు.

"సొంగాతొ."

"అంటే? పేరు చెప్పు."

దయానిధి నోరు బిగించి గెడ్డలోకి చూశాడు.

మన ఇంజినీరు గారికి తొందరగా ఉంది. మా తమ్ముడి వైపు తిరిగి, "ప్రెసిడెంటు గారూ, ఈ భూమి యజమాని పేరు మీరు చెప్పేయండి. ఎండాకాలం మీటింగులో చెప్పారుగా" అన్నారు.

తమ్ముడు నోరు తెరిచాడు. కటకటాల దగ్గర నిలబడ్డ ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా నేస్తం" అన్నాడు తమ్ముడు.

"అది కాదండీ, పేరు."

"మా నేస్తమండి."

"రికార్డులో నేస్తం అని రాయమంటారా?"

తమ్ముడు రెండు పెదాలూ గట్టిగా మూసుకుని, తనూ గెడ్డలోకి చూడ్డం మొదలుపెట్టాడు. రెండు రాష్ట్రాల ఆఫీసర్లు కలం పట్టుకుని కూర్చున్నారు. చుట్టూ రెండు ఊళ్లవాళ్లూ ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నవ్వాపుకుంటున్నారో, కన్నీళ్లాపుకుంటున్నారో తెలియదు, నేను మాత్రం రెండూ చేస్తున్నాను.

చెప్పులు కింద పెట్టి బల్ల దగ్గరికి వెళ్లాను. నేను పెద్దదాన్ని, ఆడపడుచుని, నాకు ఆ కట్టు లేదు.

"రాసుకో బాబూ" అన్నాను. "వీడు అప్పలనాయుడు. అతను దయానిధి."

తహసీల్దారు రాసుకున్నాడు. వాళ్లిద్దరూ మాత్రం ఎవరో ఊరుకాని ఊరి మనుషుల పేర్లు విన్నట్టు, భుజం భుజం ఆనించుకుని, నా చెప్పు కొట్టుకుపోయిన వైపే చూస్తూ నిలబడ్డారు.